బుచ్చన్న నూనె వేడెక్కిన రోజులు

చెవులున్న ప్రాణి కనబడితే చాలు, పొక్లెయిన్ ఎలా పనిచేస్తుందో చెప్పకుండా వదిలిపెట్టడు. అదీ బుచ్చన్నకున్న జబ్బు. ఆ చెవులు వినాలన్న నియమం కూడా లేదు. మా గుంపులో చెవిటి జోగమ్మకు ఆయన రోజూ పాఠం చెప్పేవాడు. ఆమె నవ్వుతూ తల ఊపేది. "మీ అందరిల సమజైంది జోగమ్మకొక్కదానికే" అని మెచ్చుకునేవాడు.

పొక్లెయిన్ అంటే ఇప్పటి పిల్లలకు వింత కాదు. ఇంటి పునాదికి అదే, చెరువు పూడికకు అదే, బండ పగలగొట్టడానికీ అదే. గల్లీలో మోరీ తవ్వడానికి కూడా దాన్నే పిలుస్తున్నారు, చేతులు అరిగిపోతాయని. నేను చెప్పేది ఎనభై తొమ్మిది, తొంభై నాటి మాట. అప్పుడు అది వచ్చిందంటే పది ఊళ్ళు సద్దులు కట్టుకుని చూడటానికి వచ్చేవి.

మాది లింగాల దగ్గర మెట్ట ఊరు. వాన మొహం చాటేసిన ఏడల్లా గుంపు కట్టి మట్టిపనికి పోయేవాళ్ళం. ఆ ఏడు అమరచింత దగ్గర కాలువ పని దొరికింది. నలభై మందిమి. కురుమూర్తి మా మేస్త్రి. మగవాళ్ళు గడ్డపారలతో తవ్వితే ఆడవాళ్ళం తట్టలు మోసేవాళ్ళం, కాలువ పక్కవాలు, అదే దరి, చెక్కేవాళ్ళం. నేను చదివింది రెండో తరగతి, అదీ సగమే. కానీ నేను చెక్కిన కాలువ దరి మీద నీళ్ళచుక్క వదిలితే వంకర పోకుండా అడుగుకు జారేది. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట.

పుష్యమాసం చలిలో ఒకరోజు పొద్దున పెద్ద లారీ మీద పచ్చటి మిషన్ వచ్చి దిగింది. పట్టాల మీద పాకుతూ మా గుడిసెల ముందు నుంచే పోయింది. పొడుగాటి చెయ్యి చాపి, బకెట్ పళ్ళు నేలలో గుచ్చి, ఒక్క గుక్కలో యాభై తట్టల మట్టి ఎత్తింది. ఉన్నచోటనే నడుము తిప్పి టిప్పర్‌లో గుమ్మరించింది. నేను ఆకూ వక్కా నోట్లో వేసుకుని నమిలేలోపల టిప్పర్ సగం నిండింది. మా గుంపులో జోగమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది.

మిషన్‌లోంచి దిగినవాడు బుచ్చన్న. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, దారప్పోగులా ఉండేవాడు. గద్వాల మగ్గాల ఇంట్లో పుట్టినవాడట. "మగ్గం గుంటల కాళ్ళు, పైన చేతులు, రెండూ కలిపి ఆడించినోనికి గీ లివర్లు ఒక లెక్కనా అక్కా?" అనేవాడు. ఆయన జేబులో ఎప్పుడూ రెండు సూదిమందు గొట్టాలుండేవి. ఒకటి సన్నది, ఒకటి లావుది. వాటి మధ్య గ్లూకోజు పైపు ముక్క, లోపల నూనె. దవాఖాన కంపౌండర్‌ను ఎంత సతాయించి తెచ్చుకున్నాడో ఆ కంపౌండర్‌కే తెలియాలి.

మొదటిరోజే నా ముందు కూర్చుని, లావు గొట్టం మీద ఇటుక నిలబెట్టాడు.

"సూడక్కా. గాలిని ఒత్తితే ఒదుగుతది. నూనెను ఒత్తితే ఒదగదు. మొండిది. యాడ తొవ్వ దొరికితే ఆడికెళ్ళి నూకుకుంట పోతది. ఇంజన్ పనేంది? పంపును తిప్పుడు. పంపు పనేంది? నూనెను ఒత్తుడు. గా నూనె పైపులల్లకెళ్ళి పోయి మెరిసే రాడ్‌ను బయటికి నూకుతది. రాడ్ నూకితే చెయ్యి లేస్తది. మరి నేను జేసేదేంది? లివర్ పట్టి 'నువ్వు గిటు పో, నువ్వు గటు పో' అని నూనెకు తొవ్వ జూపుడు. గంతే!"

బొటనవేలితో సన్నగొట్టాన్ని నొక్కాడు. ఇటుక లేచింది.

"సన్నది జానెడు పోతే లావుది ఏలెడే లేస్తది. దూరం ఇచ్చి బలం తెచ్చుకుంటది. సమజైందా?"

"మా ఎల్లయ్య గా ఇటుకను గొట్టాలు లేకుండనే లేపుతడు" అన్నాను. ఎల్లయ్య నా కొడుకు.

"సమజ్ కాలేదు" అని బుచ్చన్న మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

తప్పించుకునే దారి ఉండేది కాదు. మంగలి గడ్డం గీస్తుంటే కూడా చెప్పేవాడు. ఆ మంగలి ఒకసారి వింటూ వింటూ బుచ్చన్న మీసం ఒక పక్క తీసేశాడు. "ఒకదిక్కే ప్రెజర్ వడ్డది" అని ఆయనే రెండోది కూడా తీయించుకున్నాడు.

వెంకటన్న బర్రె సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఆ పక్క పొలం రైతు వెంకటన్న. ఆయన పాడిబర్రె మేసుకుంటూ వచ్చి కాలువలో పడి అడుసులో దిగబడింది. బుచ్చన్న దాని పొట్ట కింద వెడల్పాటి పట్టీలు వేయించి, బకెట్‌కు తగిలించి, పూలబుట్టను ఎత్తినట్టు ఎత్తాడు. అంతా చప్పట్లు. సరిగ్గా అప్పుడే, బర్రె గాలిలో ఉండగా, వెంకటన్న చెవులు ఆయన కంటబడ్డాయి.

"వెంకటన్నా! ఇప్పుడు నీ బర్రెను పట్టుకున్నది నేను గాదు, నూనె!"

"నూనెకో దండం, నీకో దండం. దించన్నా!"

"లివర్ ఇడిసిపెట్టినా అది దబ్బున కింద పడదు. ఎందుకంటవ్?"

"నేనేమంటలేను! దించు!"

"తొవ్వ మూసినంక నూనె యాడికి పోతది? ఆగుతది. ఒత్తితే ఒదగదని నిన్న జెప్పిన గద..."

నాలుగు కాళ్ళూ వేలాడేసుకుని బర్రె పాఠమంతా విన్నది. ఆ పూట పాలివ్వలేదు.

నవ్వుకుంటూనే ఉన్నాం కానీ, మా లోపల గుబులు మొదలైంది. మిషన్ ఇట్లా మింగుతూ పోతే కాలువ నెలలో అయిపోతుంది. అయిపోతే గుంపు మొత్తం లారీ ఎక్కి గుజరాత్‌లో ఇంకేదో డ్యాము పనికి పోవాలని కురుమూర్తి ముందే చెప్పాడు. మా కోడలు నీలవేణికి ఏడో నెల. తల్లి లేని పిల్ల. తొలికాన్పు. ఆత్మకూరు దవాఖానలో డాక్టరమ్మ చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, లారీ ప్రయాణం వద్దే వద్దు, కాన్పయ్యేదాకా దవాఖాన దగ్గర్లోనే ఉండండి అన్నది. మా ఊరి దగ్గర దవాఖాన లేదు. దగ్గర్లో ఉండాలంటే పని ఉండాలి. పని లేకపోతే మేస్త్రి గుడిసెలు పీకిస్తాడు.

ఈ దుఃఖం ఎవరికీ చెప్పుకోవడం ఇష్టంలేక జోగమ్మకు చెప్పాను. చెవిటిదానికి రహస్యం చెబితే ఎట్లుంటుందో తెలుసు కదా! నేను చెవిలో అరిచిన అరుపుకు కాలువ అవతలి గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

"లారీ ఎక్కితే పిల్ల దక్కదే జోగీ!"

"ఆఁ? లారీ వచ్చిందా?"

ఆపి ఉన్న మిషన్ కింద పడుకుని గ్రీజు పెడుతున్న బుచ్చన్న తల బయటపెట్టాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను.

"అక్కా, గీ కీళ్ళకు రోజూ గ్రీజు ఎందుకు పెడ్తమో తెల్సా?" అన్నాడు.

చేతిలో తట్ట ఉండింది. విసరలేదు. అప్పట్లో నాకు ఓపిక ఎక్కువ.

ఆ మరునాటి నుంచే మిషన్‌కు జ్వరం పట్టుకుంది. పొద్దున రెండు గంటలు తవ్వుతాడు, ఇంజన్ ఆపేస్తాడు.

"ఏమైందన్నా?" అని మేస్త్రి.

"నూనె వేడైంది. మిషన్‌ల ముల్లు ఉంటది. పచ్చ మీద ఉంటే ఖైరియత్. ఎర్ర మీదికి పోతే బంద్ పెట్టాలె. వేడైన నూనె నీళ్ళ తీరుగ పల్చగైతది, పల్చగైతే సందులల్లకెళ్ళి జారుతది, జారితే బలముండదు..."

కురుమూర్తి మొదటి రెండు రోజులు నిలబడి విన్నాడు. మూడోరోజు నుంచి ఇంజన్ ఆగిన చప్పుడు వినగానే చెంబు పట్టుకుని తుమ్మచెట్ల వైపు పోయేవాడు.

జ్వరమొక్కటే కాదు, మిషన్‌కు చూపు కూడా మందగించింది. కాలువ దరులు ఎప్పుడైనా చేత్తోనే నునుపు చెయ్యాలి. మిషన్ జానెడు మందం వదిలి తవ్వితే, మేము గడ్డపారతో చెక్కుతాం. బుచ్చన్న రెండు పక్కలా మూరెడు, ఒక్కోచోట మూరన్నర వదిలేసేవాడు. నలభై మందికీ చేతినిండా పని. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

"ఏందయ్యా బుచ్చన్నా! ఏనుగంత మిషన్ పెట్టుకొని దరి సక్కగ గీయరాదా? మా జోగమ్మ కండ్లు మూసుకొని చెక్కుతది!"

"ఏం జేద్దుమక్కా, నా మిషన్‌కు నీ అంత సాఫ్ చెయ్యి లేదు" అనేవాడు తల గోక్కుంటూ.

ఆ మాట నేను గుడిసె గుడిసెకూ చెప్పుకున్నాను. అమరచింత సంతలో కూడా చెప్పాను.

ఫాల్గుణం వచ్చేసరికి పెద్ద ఇంజనీరు జీపులో దిగాడు. పని ఎందుకు సాగడం లేదని కేకలు. ఇట్లాగే ఉంటే వేరే ఆపరేటర్‌ను తెస్తానన్నాడు. మేమంతా పారలు పట్టుకుని బిగుసుకుపోయాం. నీలవేణికి రోజులు దగ్గరపడ్డాయి. బుచ్చన్న పోతే కొత్తవాడు వారంలో మొత్తం ఊడ్చేస్తాడు.

బుచ్చన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, తప్పు నాది గాదు, నూనెది. జర జెప్త, ఇనుండ్రి." జేబులోంచి గొట్టాలు తీశాడు.

"నాకు తెలుసయ్యా, నేను ఇంజనీరును!"

"మీరు సదివిండ్రు సార్, నేను సూసిన. గాలిని ఒత్తితే ఒదుగుతది..."

ఎండలో నిలబెట్టి గంటన్నర చెప్పాడు. పంపు నుంచి మొదలుపెట్టి, చెయ్యి మీదుగా, బకెట్ పళ్ళ దాకా వచ్చి, "ఇది మిషన్ ఎడమదిక్కు. ఇగ కుడిదిక్కు" అన్నాడు. ఆ సారు జీపు ఎక్కుతూ డ్రైవర్‌తో అన్న మాట నా చెవులతో విన్నాను: "వీడు నాకు చదువుకున్నది కూడా మరిపించేట్టున్నాడు, పోనీయ్." మళ్ళీ ఉగాది పోయేదాకా కాలువ వైపు రాలేదు.

హోళీ పోయిన నాలుగోరోజు నీలవేణికి దవాఖానలో కాన్పయింది. డాక్టరమ్మ కష్టపడింది, మేము దేవుళ్ళందరికీ మొక్కాం. మగపిల్లవాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఇరవై ఒక్క రోజుల పురుడు గుడిసెలోనే గడిచింది. చిత్రమేమంటే, బాలింతతో పాటు మిషన్ కూడా పథ్యం చేసింది. అన్ని రోజులూ నూనె వేడే.

ఇరవై రెండోరోజు పొద్దున ఇంజన్ మొదలైంది. ఆగలేదు. మధ్యాహ్నమైంది, ఆగలేదు. చైత్రమాసం ఎండకు బండలు పేలుతున్నాయి. నేను బిడ్డ పేరున బెల్లం పంచుతూ మిషన్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి అట్లాగే నిలబడిపోయాను. బుచ్చన్న బకెట్‌ను పక్కకు వాల్చి కాలువ దరి గీస్తున్నాడు. గడ్డం గీసినట్టు, పొర మీద పొర. ఎక్కడా గంటు లేదు, గోరంత మిట్ట లేదు. దాని మీద నీళ్ళచుక్క వదిలితే వంకర పోకుండా జారుతుంది.

కడుపు మండిపోయింది నాకు. పట్టా మీద కాలు పెట్టి ఎక్కి మిషన్‌లోకి తొంగిచూశాను. ముల్లు పచ్చ మీద హాయిగా కూర్చుని ఉంది.

"బుచ్చన్నా! ఇంజన్ ఆపు!"

ఆపాడు.

"పుష్యమాసం సలికి కాగిన నూనె, చైత్రమాసం ఎండకు సల్లగెట్లున్నది?"

బుచ్చన్న బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. 

"పాఠం మంచిగ నేర్చినవక్కా" అన్నాడు.

"నా అంత సాఫ్ చెయ్యి లేదంటివి?"

"లేదు. నీ చెయ్యికి నూనె అక్కర్లేదు గద."

"తియ్యటి మాటలు ఆపి నిజం జెప్పు. జోగమ్మతోని నేనన్నది ఇన్నవు."

"అక్కా, నువ్వన్నది గద్వాల దాంక ఇనబడ్డది" అన్నాడు. కాసేపు లివర్లు తుడిచి, నా వైపు చూడకుండా చెప్పాడు. "మా అమ్మ మగ్గానికి కండెలు సుట్టేది. మా ఇంటి పక్కపొంటి మరమగ్గాలు దిగినయ్, ఆమె పని పాయె. ఆ దినం ఎవ్వనికీ నూనె వేడి కాలేదక్కా."

 ఇంకో ముక్క బెల్లం పెట్టి దిగొచ్చాను.

రెండు రోజుల్లో కాలువ అయిపోయింది. గుంపు గుజరాత్ లారీ ఎక్కింది, మా ఎల్లయ్యతో సహా. పచ్చిబాలింతను తీసుకుని నేను మా ఊరి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. మా సంచి మోసుకుని బుచ్చన్న వచ్చాడు. పిల్లవాణ్ణి ఎత్తుకుని, ఆ చిట్టిచేతిని మెల్లగా చాపాడు.

"సూడు బిడ్డా. భుజం కాడికెళ్ళి మోచేతి దాంక ఇది బూమ్. మోచేతి కాడికెళ్ళి గిది ఆర్మ్. గీ గుప్పిట ఉన్నదే, గిది బకెట్. మిషన్ చేసినోడు నిన్ను సూసే చేసిండు. మరి దీన్ని ఆడించేదేంది? నూనె! నూనెను ఒత్తితే..."

పిల్లవాడు తూమెత్తినట్టు ఆయన చొక్కా మీద పోశాడు. గడ్డం దాకా తడిసింది. నీలవేణి సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది. బుచ్చన్న ముఖం వెలిగిపోయింది.

"పంపు మస్తుగున్నదక్కా! ఫుల్ ప్రెజర్! యాడా లీకేజీ లేదు!"

బస్సు వచ్చింది. మమ్మల్ని ఎక్కించి, సంచి అందించి, అంతటితో దిగిపోతాడనుకున్నాను. కానీ మెట్టు మీద కండక్టర్ నిలబడి ఉన్నాడు. పాపం, అతనికి రెండు చెవులూ ఉన్నాయి.

"అన్నా, నీ బస్సు బిరేకు గాలి మీద నడుస్తది గద? గాలిని ఒత్తితే ఒదుగుతది..." అని బుచ్చన్న జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. లోపలున్నవాళ్ళంతా తిట్టారు. నేనొక్కదాన్నే తిట్టలేదు.