సిపాయి నుదుటి మీద గంధం బొట్టు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చూశామని చెప్పేవాళ్ళంటే ఒళ్ళుమంట కూడా. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఖరగ్‌పూర్‌లో పుట్టి, రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకున్న పిచ్చి ఒక్కటే: విక్టోరియా రాణి కాలంలో ఉక్కు పలకల మీద చెక్కి అచ్చువేసిన యుద్ధ చిత్రాలు. గోల్‌బజార్ పాతసామాన్ల కొట్లలో, కోల్‌కతాలో వెతికి తెచ్చుకుంటాను.

నాన్న పోయాక అన్నయ్య వేరు పడుతూ ఆయన ఫోటో పట్టుకుపోయాడు. ఉన్నది అదొక్కటే, అదీ ముఖం వరకే. కాపీ అయినా ఇమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను. "సూద్దాంలేరా" అన్నాడు. దుర్మార్గుడు! అప్పటికే చూపు పోయిన అమ్మ, ప్రతి అమావాస్యకీ స్నానం చేసి, ఫోటో ఉండే చోట ఉత్త గోడకే గంధం బొట్టు పెట్టేది. "ఫోటో తెచ్చినాడేటిరా?" అని అడిగేది. 

ఆ ఖాళీ మేకు చూడలేక నా యుద్ధ చిత్రాల్లో ఒకటి తగిలించాను. మద్రాసు సిపాయిలు ఏరు దాటుతున్న యుద్ధం. అమ్మకి చెప్పలేదు. అమావాస్య పొద్దున ఆమె చేతికి పటం అద్దం తగిలింది. కాసేపు తడిమి బొట్టు పెట్టింది. ఫోటో సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఫోటోకైతే బొట్టు నడిమధ్యన పెట్టేది. ఇప్పుడు ప్రతిసారీ కింద మూలకే, గోరంత సిపాయి ఒకడి నుదుటికే పెట్టేది. అద్దం తుడుస్తూ భూతద్దంతో చూశాను. వాడి ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. నాన్నకీ లేదు, చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే తెగిపోయింది.

కోల్‌కతాలో నాలాంటి పిచ్చివాడు, ఒక బెంగాలీ పెద్దమనిషి దగ్గర అదే అచ్చు ఉంటే వెళ్ళి చూశాను. అందులో సిపాయికి వేళ్ళన్నీ ఉన్నాయి. ఒకే పలక నుంచి తీసిన అచ్చుల్లో అలాంటి తేడా ఎలా వస్తుంది? ఈ మాట ఎవరితోనూ అనలేదు.

మొన్న అన్నయ్య వచ్చాడు. ఇల్లు అమ్మడానికి అమ్మ వేలిముద్ర కావాలట. లంచంగా ఫోటో తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "బాబు ఫోటో తెచ్చినానమ్మా."

అమ్మ దాన్ని పక్కకి తోసేసింది. "మీ బాబు ఎప్పుడో వచ్చేసినాడు. సెయ్యి తడిమి మరీ సూసినాను, సిటికెన ఏలు లేదు. అదెవులిదో నువ్వే అట్టుకుపో."

"అమ్మకేటి సెప్పినావురా?" అని అన్నయ్య నా మీద ఎగిరాడు.

నేను అమ్మకేమీ చెప్పలేదు. అద్దం వెనక ఉన్న అచ్చుబొమ్మలో వేలు లేదని చూపు లేని మనిషికి ఎలా తెలిసిందో ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు. వేలిముద్ర పడలేదు. ఫోటో అన్నయ్య చేతుల్లోనే వెనక్కి పోయింది.