మందిరం వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు

కంపెనీవాళ్ళు మిరపకాయలు చూసే రోజున వచ్చి ప్రార్థన చేయమని సుశీలమ్మ కబురు పెట్టింది. ఆమె నేను పాస్టరుగా ఉన్న సంఘపు మనిషి. కురుగోడు దాటాక ఒక పల్లెలో భర్త ఇస్సాకుతో రెండెకరాలు సాగు చేస్తుంది. కంపెనీ సరుకు తీసుకుంటే ఇస్సాకు గనిలో లోడింగు పనికి పోనక్కరలేదు. అప్పటికే అతనికి దగ్గు తగ్గడం లేదు.

ఉదయం ఏడింటికి బళ్ళారి సత్యనారాయణపేటలో బయల్దేరాను. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని, ఏడూ నలభైకి కంప్లి బస్సెక్కాను. టికెట్టు పద్దెనిమిది రూపాయలు. బళ్ళారి దాటగానే ఇనుప ఖనిజం లారీల వరుస మొదలైంది. పెద్ద రోడ్డు చాలక అవి ఈ దారి కూడా పట్టాయి. పక్కసీటు రైతు నా పంచె చూసి నవ్వాడు.

"తెల్లగుడ్డలు కట్టుకోని యాడికప్పా? దిగేతలికి ఈ దుమ్ముకు నువ్వూ మా రంగే."

తొమ్మిదింపావుకు దిగాను. ఆ పల్లెలో మా మందిరం రోడ్డు పక్కనే ఉంది. సిమెంటు వాకిలి నిండా మిరపకాయలు. వాటిని అక్కడ ఆరబోయమన్నది నేనే. కిందటి నెల ఆరాధనకు వచ్చినప్పుడు పొలంలో కంపెనీ ఇచ్చిన టార్పాలిను పరుస్తున్నారు. దేవుని వాకిలి కంటే శుభ్రమైన చోటు ఏదని అడిగాను. ప్రథమ ఫలంగా పిడికెడు కాయలు దేవుని ముంగిట పెట్టడం మా ఆచారం. నేను పంటంతా పెట్టించాను.

పదకొండు గంటలకు ఒక అమ్మాయి స్కూటరు మీద వచ్చింది. కంపెనీ ఎక్కడో మహానగరంలో ఉంది. దాని తరఫున పల్లెలు తిరిగి, మందులు తగ్గించడం, నీళ్ళు పొదుపు చేయడం నేర్పేది ఈమె పనిచేసే చిన్న సంస్థ. సుశీలమ్మ ఏడాదంతా వాళ్ళు చెప్పినట్టే చేసింది. వేపకషాయం తప్ప మరొకటి కొట్టలేదు.

అమ్మాయి తెల్ల గిన్నెలో నీళ్ళు పోసి గుప్పెడు కాయలు కడిగింది. కాయలు పైకి తీసేసరికి అడుగున మెత్తటి ఎర్రధూళి పేరుకుంది. ఎరుపు మీద ఎరుపు కావడంతో అన్నాళ్ళూ మా కంటికి ఆనలేదు. ఇంకో మూల నుంచి తీసి కడిగింది. అదే ధూళి.

ఇస్సాకు లారీలు చూపించి, ధూళి వాటిదని కూడా రాయమని అడిగాడు. ఆమె ఫారం అతని వైపు తిప్పింది.

"దీంట్లో నేలకు గడి ఉండాది, నీళ్ళకుండాది, మందులకుండాది. రోడ్డుకు లేదన్నా. టార్పాలిన్ మీదే ఆరబోసినారా అని మాత్రం అడుగుతాండారు."

సరుకు వద్దని రాసేటప్పుడు ఆమె పెన్ను రెండుసార్లు ఆగింది. తప్పు నాదని అందరి ముందూ ఒప్పుకున్నాను. సుశీలమ్మ నన్ను కూర్చోబెట్టి రొట్టె, పప్పు పెట్టింది. వచ్చిన పని ప్రార్థన కనుక మోకరించాను గాని, క్షమించమని తప్ప మరేదీ అడగలేకపోయాను.

బయల్దేరేటప్పుడు సుశీలమ్మ మిరపకాయల చిన్న మూట నా చేతిలో పెట్టింది.

"ఇవి దేవునివయ్యా. కంపెనీ వద్దంటే ఆయనకియ్యకుండా ఉంటామా?"

మూడున్నర బస్సు. ఇస్సాకు కూడా ఎక్కాడు. బళ్ళారిలో లోడింగు మేస్త్రీని కలవాలన్నాడు. మచ్చలేనిదే అర్పణ అని ముప్పై ఏళ్ళుగా సంఘానికి బోధించినవాణ్ణి, ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ దారిన వెళ్ళేవారికి రెండు వైపులా పచ్చటి పైరు కనిపిస్తుంది. నాకిప్పుడు దాని మీదున్నదే కనిపిస్తోంది. ఏదైనా ధైర్యం చెబుదామని ఇస్సాకు వైపు తిరిగాను. అతను దగ్గుతూ నా మీదుగా చెయ్యి చాచాడు.

"కిటికీ మూయయ్యా," అన్నాడు, "మూటలోకి ధూళి పోతాండాది."