క్యాంపుకు వెళ్లిన పక్కింటాయన

మధ్యాహ్నం టీవీలో ఇంగ్లిష్ సీరియల్ వస్తుంటే పక్కింటి సరోజక్క వచ్చి కూర్చుంది. ఒకే వీధిలో ఉండే ఆడవాళ్లు, వాళ్లు దాచుకునే రహస్యాలు, నవ్విస్తూ సాగే కథ. ఆమెకు ఇంగ్లిష్ రాదు కాబట్టి నేను తెలుగులో చెబుతుంటాను. ఈ రోజు అందులో ఒకామె, తనను వదిలేసిన మొగుడు పని మీద ఊరెళ్లాడని అందరికీ అబద్ధం చెబుతోంది. నేను పడీపడీ నవ్వాను.

సరోజక్క నవ్వలేదు. “మా ఆయన గూడ నేను చెప్పినట్టు ఆఫీసు పని మీద క్యాంపుకు పోలేదు. దుమ్ముగూడెంల ఇంకో కాపురం పెట్టిండు,” అంది, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా.

“మరి వారం వారం వచ్చి పోతున్నడన్నవ్ గద అక్కా? దండెం మీద ఆయన చొక్కాలు గూడ చూసిన.”

“అవ్. మీకందరికి కనబడాలని నేనే తడిపి ఆరేస్తున్న. గా ముచ్చట ఇడిసిపెట్టు. ఇప్పుడామె ఏమంటుందో చెప్పు.”

నాకు ఏడుపూ రాలేదు, జాలీ కలగలేదు. మొద్దుబారిపోయి, మిగతా కథంతా చెప్పాను.

సాయంత్రం మా ఆయన అడిగాడు, “పక్కింటాయన ఈ వారం రాలేదా?” అని.

“వచ్చి పోయిండు. మీరే చూడలే,” అన్నాను.

పేరు మార్చి రాశాను లెండి. మీరైతే ఏం చెప్పేవారు?