జల్లెడలో తోకచుక్క దారి

అన్నయ్య పచ్చకామెర్లతోనూ, వాటికి చేసిన వైద్యంతోనూ పోయాడు. ఆ మాట అప్పట్లో మా ఇంట్లో ఎవరూ అనలేదు. అందుకే ముందుగా రాస్తున్నాను.

అరవైలు ముగిసే వేళ, వేసవి మొదట్లో, తెల్లవారుజామున తూర్పున తోకచుక్క కనబడేది. గజపతినగరం దగ్గర మా ఊరు. వదిన ఒకరోజు కళ్లాపి జల్లడానికి లేచి దాన్ని చూసింది. అన్నయ్యను లేపి చూపించింది. నెల తిరక్కుండా అతని కళ్లు పచ్చబడ్డాయి.

విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాను. మా మేనమామ వద్దన్నాడు. ఇంగ్లీషు మందు పడితే పసరు పనిచేయదట. పసరు పోసే మనిషిని తనే వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి అన్నయ్య కళ్లలో ఆకుపసరు పిండి, మణికట్టు మీద వాత పెట్టాడు. వాత చీము పట్టింది. ఆ వాసన ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది.

దినాల నాడు మామ పెద్దలకు చావుకు కారణం చెప్పాడు. మొగుణ్ణి లేపి మరీ తోకచుక్కను చూపించిన ఆడది ఇంట్లో ఉండకూడదు, రేపే పొందూరు పుట్టింటికి పంపెయ్యాలి. అందరూ తలలాడించారు. పసరు మాట ఎవరూ ఎత్తలేదు. పొందూరులో వదినకు మిగిలింది చూపులేని తండ్రి, ఒక రాట్నం.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. తోకచుక్క మన జోలికే రాలేదని చూపడానికి గచ్చు మీద సుద్దతో గీశాను. మధ్యలో సూర్యుడు, చుట్టూ భూమి తిరిగే దారి, జడపిన్నులా పొడుగ్గా వంగిన తోకచుక్క దారి. మామ వంగి, రెండు గీతలూ కలిసిన చోట వేలు పెట్టాడు.

"ఒరే అల్లుడా, ఇదేటి మరి? ఇక్కడ తగిలినాది కదరా! నువ్వు గీసిందే సెప్తన్నాది."

పెద్దలు నవ్వారు, చావింట్లో కూర్చుని. తప్పు నాదే. ఆకాశాన్ని గచ్చు మీద పరిస్తే అడ్డంగా ఉన్నదీ నిలువుగా ఉన్నదీ ఒకటైపోతాయి. వంటింట్లోంచి జల్లెడ తెచ్చాను. దాని అంచు భూమి దారి అన్నాను. మధ్యలో నిమ్మకాయను సూర్యుడిగా పెట్టాను. ఇనప తీగను నిమ్మకాయ పక్క కన్నంలోంచి దూర్చి వంచితే, ఒక కొస జల్లెడ కిందుగా, ఇంకో కొస పైకి సాగాయి. అంచుకు ఎక్కడా తగల్లేదు. అందరి ముందూ తిప్పి చూపించాను.

"కిందనుంచి వచ్చి, సూర్యుడి పక్కనుంచి పైకి పోయింది మావా. మన దారికి తగలనేలేదు."

మామ జల్లెడ అందుకుని అంచంతా వేలితో తడిమాడు.

"సరేరా, తగల్లేదు. తగలకుండానే ఇంత సేసినాదంటే, తగిల్తే ఏటయ్యును?"

"ఊరే లేకపోను," అన్నాడు పక్కనున్న పెద్దాయన. "ముందు విస్తళ్లెయ్యండ్రా, ఎండెక్కిపోతన్నాది."

మామ గుమ్మడికాయ పులుసు రెండుసార్లు పోయించుకుని, మోచేతి దాకా కారినది నాకాడు. పసరు పోసినవాడూ అదే బంతిలో కూర్చున్నాడు. వడ్డించింది నేనే. ఉప్పు తగ్గిందని వాడంటే ఉప్పు కూడా తెచ్చి వేశాను.

మర్నాడు పొద్దున్న వదిన ట్రంకుపెట్టె మోసుకుని రోడ్డు దాకా వెళ్లాను. అన్నయ్య పోయాక ఆమె నాతో మాట్లాడింది అక్కడే.

"తలుపు సందులోంచి సూసినాను బాబూ. తీగ అంచుకి తగల్లేదు."

"లేదు వదినా."

"అయితే మీ అన్నని ఆ పసరోడే సంపినాడు. నీకు తెలుసు."

తల ఊపాను.

"మరి నా పెట్టెందుకు మోస్తన్నావు?"

బస్సు వచ్చింది. పెట్టె పైకి ఎక్కించాను. విజయనగరానికి ఒక్క టికెట్టు కొని ఆమె చేతిలో పెట్టి, పొందూరు బస్సు అక్కడ దొరుకుతుందని చెప్పాను.