షర్చోప్ అబ్బాయికి మాచవరంలో భోజనం

భూటాన్ తూర్పు కొండల అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పాక మా నాన్న కొన్నాళ్లు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. చివరికి, ఒకసారి భోజనానికి రమ్మను, మనిషిని చూశాక చెబుతానన్నాడు. బెంగళూరు నుంచి అతన్ని వెంటబెట్టుకుని మా ఊరు మాచవరంలో బస్సు దిగాను. ఒకటే సంబరం, అంతకు రెట్టింపు భయం.

వీధిలో అప్పటికే అతనికి నేపాలీ అని పేరు పెట్టేశారు. నాకు ఒళ్లు మండింది. అరుగు మీది వాళ్లందరికీ వినపడేలా నాన్నకు చెప్పాను. వీళ్లు షర్చోప్‌లు, అంటే తూర్పువాళ్లు. ఇంట్లో మాట్లాడేది త్షంగ్లా. అధికార భాష జోంఖా పడమటివాళ్లది, నేపాలీ మాట్లాడేవాళ్లు దక్షిణాన ఉంటారు. సరిహద్దు దాటి అరుణాచల్‌లోకి వెళ్లినా కొన్ని ఊళ్లలో వీళ్ల భాషే వినిపిస్తుంది. కృష్ణ దాటినా మన మాటే ఉన్నట్టన్నమాట అన్నాడు నాన్న. ఆ ఒక్క మాటకే నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

అది కాస్తా కంచం దగ్గర ఆవిరైంది. అమ్మ అన్నం పెట్టిన కంచంలో నాన్న స్వయంగా గోంగూర పచ్చడి వేయబోతే, అతను మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల తిప్పాడు. వాసన పడక మొహం తిప్పుకున్నాడనుకుని నాన్న గరిటె గిన్నెలో పడేసి పక్క గదిలోకి వెళ్లిపోయాడు. అతనేమో ఉత్త అన్నం ముందు బుద్ధిగా కూర్చున్నాడు.

ఏమైందని చెవిలో అడిగితే, మళ్లీ అడుగుతారని చూస్తున్నానన్నాడు. వాళ్లలో పెట్టగానే తీసుకుంటే ఆత్రగాడంటారట. మొదట వద్దనాలి, పెట్టేవాళ్లు మళ్లీ అడగాలి. బెంగళూరు క్యాంటీన్లో మమ్మల్నెవరు బతిమాలారు గనక నాకు తెలియడానికి!

పరుగెత్తి వెళ్లి నాన్నకు చెప్పాను.

"వద్దంటే వద్దనేగా మనకి," అని గొణుగుతూనే లేచి వచ్చాడు.

రెండోసారీ చెయ్యి అడ్డమే. నాన్న నా వంక చూశాడు, నాకు నవ్వాగలేదు. మూడోసారి చెయ్యి తొలగింది. ఇక చూడాలి, పచ్చడి, మిరపకాయ బజ్జీలు, పైన నంజుకోను పచ్చిమిరపకాయలు, కంట నీటిచుక్క లేకుండా లాగించాడు. మిరపకాయల్ని కూరగాయల్లా వండుకు తినే జనం మరి. జన్మంతా మిరప పండించిన మా నాన్న నోరు తెరిచి చూస్తుండిపోయాడు.

చెయ్యి కడుక్కుని, అతను దారిపొడుగునా వల్లెవేసిన తెలుగులో, చానా బాగుంది అంకుల్ అన్నాడు.

నాన్న తువ్వాలు అందించాడు.

"అంకుల్ ఏందయ్యా? మామా అను."