అన్నయ్య పుట్టిననాటి పసుపు పోగు

మా చిన్నప్పుడు... బాపు మగ్గం మీంచి చీర దిగగానే అవ్వ, అంటే మా అమ్మ, కత్తెర పట్టుకుని వచ్చేది. మిగిలిన బట్టలోంచి, అంచు కూడా వచ్చేలా చిన్న ముక్క కత్తిరించి పాత దుప్పటి మీద కుట్టేది. అవ్వకు చదువు రాదు. ఏ ముక్క ఎవరి పెళ్లిదని అడిగినా టక్కున చెప్పేది.

"గీ పేలికల దుప్పటి ఎవలు కప్పుకుంటరే?" అని బాపు ఆటపట్టించేవాడు.

ఒకరోజు వేములవాడ దిక్కు నుంచి రాజవ్వ అని ఒకావిడ వచ్చింది. పూరిల్లు నిప్పంటుకుని, బిడ్డ పెళ్లికి కట్టించాలని దాచుకున్న తన పెళ్లిచీర కాలిపోయిందట.

"నువ్వే నేసిచ్చినవు అన్నా... అసొంటిదే ఇంకోటి నెయ్యి. పసుపు చీర, ఎర్రంచు."

అలాంటివి ఊరూరా ఉంటాయి... బాపు తల గోక్కున్నాడు. "నాకు యాదికి లేదు చెల్లె."

పాపం, ఆమె మొహం చిన్నబోయింది. అవ్వ దుప్పటి తెచ్చి పరిచింది. రాజవ్వ ముక్కలన్నీ తడుముతూ పోయి ఒకచోట ఆగిపోయింది. ఎర్ర అంచు మధ్యలో ఒకే ఒక్క పసుపు పోగు...

"గిదే! నా చీర గిదే!" అని ఏడ్చేసింది.

బాపుకు సిగ్గేసింది. ఆ పోగు ఆయన తప్పే మరి. మగ్గానికి పోగులు అతికే రోజున లోపల అవ్వ నొప్పులు పడుతోంది... అన్నయ్య పుట్టిన రోజది. ధ్యాసంతా అటే ఉండి, పసుపు పోగు ఎర్రవాటిలో కలిపేశాడు. ముహూర్తం ముంచుకొస్తుంటే అట్లాగే నేసి ఇచ్చాడు.

"ఈసారి తప్పు లేకుండ మంచిగ నేస్త చెల్లె."

"వద్దన్నా! గా పోగు లేకుంటే గది నా చీర ఎట్లయితది?"

కావాలని తప్పు నేస్తే నలుగురూ నవ్వుతారని బాపు గొణిగాడు... గొణుగుతూనే నేశాడు. చీర దిగిన రోజు మాత్రం కత్తెర తనే తెచ్చి అవ్వ చేతికిచ్చాడు.

పెళ్లిలో రాజవ్వ వచ్చినవాళ్లందరికీ బిడ్డ కొంగు పట్టుకుని ఆ పోగు చూపించింది, "మా అన్న నేసిండు" అంటూ. బాపు మీసాల చాటున ఒకటే నవ్వు! నాకైతే మా అవ్వను చూస్తేనే ఛాతీ ఉప్పొంగింది... ఇప్పటికీ అంతే.

ఆ దుప్పటి ఇప్పుడు నా బీరువాలో ఉంది. పక్కనే నా చీరలు బోలెడు... ఒక్కటి కూడా ఎవరు నేశారో తెలియదు.

మీ ఇంట్లో కూడా పాత పెట్టె అడుగున బట్టముక్క ఏదైనా ఉందా? ఎవరిదో కనుక్కుని ఇక్కడ చెప్పండి... చెప్పేవాళ్లు ఉండగానే.