మామ మీద నేను రాసిన అర్జీ

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, న్యాయమంటే నాకు మహా పట్టింపు, ముఖ్యంగా అది నా వైపు ఉన్నప్పుడు. సంగీత కాలేజీలో రెండేళ్ళు నాదస్వరం చదివి సెలవులకు ఉదయగిరి వచ్చాను. ఆత్మకూరు వేసవి సంగీతోత్సవంలో పోటీ గెలిచినవాడికి గంటసేపు కచేరీ ఇస్తారు. "ఈసారి స్టేజీ ఎక్కలేదంటే చదువు చాలించి నా లారీకి క్లీనరుగా వచ్చెయ్," అన్నాడు నాయన. తీరా చూస్తే పోటీకి మా మేనమామ కూడా పేరిచ్చాడు! ఇరవై ఏళ్ళుగా పెండ్లిళ్ళు వాయించి బతుకుతున్న మనిషి. (నాకు సన్నాయి పట్టుకోవడం నేర్పిందీ ఆయనే, అర్జీలో మాత్రం ఆ సంగతి రాయలేదు.) వృత్తిలో ఉన్నవాళ్ళు విద్యార్థులతో పోటీపడటం ఘోరమైన అన్యాయమని, పేరు పెట్టకుండా రెండు పేజీలు రాసి పంపేశాను.

ఉత్సవం సెక్రటరీ అయిన బట్టలకొట్టు శెట్టిగారు, ఆ కాగితాన్ని సంజాయిషీ కోసం మామకే పంపారు. మామకు చదువు రాదు. "ఏందో వచ్చిండాది, చదవరా అల్లుడా," అని నా చేతికే ఇచ్చాడు. నా రాత నేనే చదివి వినిపించాను. అంతా విని, "ఎవుడో పాపం, శానా బెదిరిపోయినాడు," అని బీడీ ముట్టించుకున్నాడు. శెట్టిగారు మాత్రం, "ఇద్దరూ ఊదేది సన్నాయే గదా, ఊదండి," అని తేల్చేశారు.

పోటీ రోజు మామ దుత్తలూరులో పెండ్లి ముగించుకుని నేరుగా వచ్చి అద్భుతంగా వాయించాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో జడ్జి, టైమైంది చాలన్నట్టు వేలు ఊపాడు. పెండ్లిలో పురోహితుడు వేలు ఊపితే తాళి కడుతున్నారని అర్థం. మామ రాగాన్ని ఎక్కడిదక్కడ వదిలేసి గట్టిమేళం అందుకున్నాడు, పక్కన డోలు ఆయన కూడా దంచేశాడు! ముందు వరసలో ఒక అవ్వ తింటున్న బొరుగులను అక్షింతల్లా జడ్జి నెత్తిన చల్లేసింది. పోటీ నాదైంది. "ఏం చేసేదిరా, వేలు చూస్తే ఊపిరి నా మాట ఇనదు," అని మామ నవ్వేశాడు.

కచేరీ రోజు మామనే పక్కన కూర్చోబెట్టుకున్నాను. పన్నెండో నిమిషానికి నా ఊపిరి అయిపోయింది. (డెబ్బై రెండు మేళకర్తల పేర్లూ గడగడా చెప్పగలను, అవేవీ అక్కరకు రాలేదు.) మిగతా గంటంతా మామే లాగాడు, చప్పట్లు నాకు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. స్టేజీ దిగేటప్పుడు చెవి దగ్గరికి వంగి, "ఈసారి అర్జీ రాస్తే, కచేరీలు పది నిమిషాలే పెట్టమని రాయరా," అన్నాడు.

మామ ఇప్పుడు లేడు. నేనూ పెండ్లిళ్ళు వాయించే బతికాను. మొన్న నా గుండె పరీక్ష చేసిన డాక్టరు, ఇక చాలన్నట్టు వేలు ఊపితే, నా బుగ్గలు వాటంతట అవే ఉబ్బాయి. మామ ఉంటే విరగబడి నవ్వేవాడు.